న్యూజెర్సీ నుంచి ఇంటర్‌లాకెన్ వేసవి శిబిరానికి: కారులోనా, విమానంలోనా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి సెల్లో వాయిస్తుంది, వయొలిన్ జాతికే చెందిన, కూర్చుని వాయించే పెద్ద తీగ వాద్యం అది. మిషిగన్ రాష్ట్రం ఉత్తరాన ఉన్న ఇంటర్‌లాకెన్ కళాశిబిరానికి మూడు వేసవులు వెళ్ళి వచ్చింది. 1928లో జోసెఫ్ మ్యాడీ హైస్కూలు పిల్లల ఆర్కెస్ట్రా కోసం మొదలుపెట్టిన శిబిరం అది. గ్రీన్ లేక్, డక్ లేక్ అనే రెండు సరస్సుల నడుమ, పైన్ చెట్ల కింద ఉంటుంది. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రవేశం దొరికిన పిల్లల తల్లిదండ్రులు ఎడిసన్, ఐసలిన్, ప్రిన్స్‌టన్ వైపు నుంచి మాకు ఫోన్లు చేస్తుంటారు. సంగీతం గురించి అడిగేవాళ్ళు తక్కువ. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: పిల్లను అక్కడికి ఎలా చేర్చాలి? ఒక ఏడాది రెండు సార్లూ కారులో వెళ్ళాం, ఒక ఏడాది రెండు సార్లూ విమానంలో వెళ్ళాం, మూడో ఏడాది రెండూ కలిపాం. ఆ మూడేళ్ళలో తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

దూరం ఎంత? ఎంతసేపు పడుతుంది?

ఎడిసన్ నుంచి 800 మైళ్ళ పైచిలుకు. ఎక్కడా ఆగకపోతే 13 గంటలు. గ్యాస్‌కూ (పెట్రోలు) తిండికీ ఆగుతూ వెళ్తే 15 గంటలు అనుకోండి.

మేము వెళ్ళే దారి ఇది. ఐ-287 మీద ఉత్తరానికి వెళ్ళి ఐ-80 ఎక్కుతాం. డెలావేర్ వాటర్ గ్యాప్ దగ్గర నది దాటగానే పెన్సిల్వేనియా. ఆ రాష్ట్రంలోనే ఐ-80 మీద 311 మైళ్ళు. కొండలు, అడవులు, మధ్యమధ్య చిన్న ఊళ్ళు తప్ప మరేమీ కనబడదు. తర్వాత ఒహాయో టర్న్‌పైక్ మీద టొలీడో దాకా, అక్కడి నుంచి యూఎస్-23 మీద ఆన్ ఆర్బర్ పక్కగా ఫ్లింట్‌కు, ఐ-75 మీద బే సిటీకి. బే సిటీ తర్వాత దారి సన్నబడుతుంది: యూఎస్-10 మీద క్లేర్, ఎం-115 మీద క్యాడిలాక్, ఆపైన ఊరి రోడ్లు. న్యూజెర్సీకీ అక్కడికీ గడియారంలో తేడా లేదు.

ఒక్క మాటలో చెప్పండి, కారా విమానమా?

వదిలిపెట్టడానికి విమానం, తీసుకురావడానికి కారు.

చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. వెళ్ళేటప్పుడు సామాను ఎక్కువ కాబట్టి కారు, వచ్చేటప్పుడు పిల్ల కాస్త అలవాటుపడి ఉంటుంది కాబట్టి విమానం అనుకుంటారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. మనసు ఎందుకు మార్చుకున్నామో కింద వివరంగా చెప్తాను.

కారులో వెళ్తే చవక కదా?

ఇక్కడే లెక్క తప్పుతుంది. అందరూ ఒక వైపు గ్యాస్ ఖర్చు వేసి, దాన్ని విమానం టికెట్ పక్కన పెట్టి చూస్తారు. కానీ కారులో వదిలి, కారులో తీసుకొస్తే మీరు ఆ దారిని నాలుగు సార్లు కొలుస్తారు. పిల్లతో వెళ్ళడం, పిల్ల లేకుండా తిరిగి రావడం, పిల్ల లేకుండా మళ్ళీ వెళ్ళడం, పిల్లతో ఇంటికి రావడం. అంటే దాదాపు 3,300 మైళ్ళు. అందులో సగం ఖాళీ సీటుతో.

గ్యాలన్‌కు 28 మైళ్ళు ఇచ్చే కారు, గ్యాలన్ మూడుంపావు డాలర్లు అనుకుంటే గ్యాస్ ఒక్కటే 380 డాలర్ల చిల్లర అవుతుంది. దీనికి దారిలో మజిలీలకు నాలుగు రాత్రుల మోటెల్ కలపండి. కారు అరుగుదల సంగతి చూడాలంటే ప్రభుత్వం వాడే లెక్క ఒకటుంది. వ్యాపారం పనిమీద సొంత కారు నడిపిన వాళ్ళకు 2025 సంవత్సరానికి పన్నుల శాఖ ఒప్పుకున్న రేటు మైలుకు 70 సెంట్లు. గ్యాస్, టైర్లు, ఇన్సూరెన్స్, కారు విలువ పడిపోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఆ రేటున 3,300 మైళ్ళకు 2,310 డాలర్లు. ఆ డబ్బు మీ చేతిలోంచి ఆ రోజే పోదు కాబట్టి ఖర్చు కానట్టు అనిపిస్తుంది, అంతే.

పూర్తిగా విమానంలో అయితే పిల్లకు ఒక రానుపోను, తోడు వెళ్ళే మనిషికి రెండు రానుపోనులు. ఉదాహరణకు టికెట్ 400 డాలర్లయితే 1,200. సెల్లోకు సీటు కొంటే మరో 400. అక్కడ అద్దె కారో టాక్సీయో అదనం.

మేము చెప్పే పద్ధతిలో పిల్లకు ఒక వైపు, సెల్లోకు ఒక వైపు, తోడు వెళ్ళిన మనిషికి ఒక రానుపోను. కారు ఒక్కసారే వెళ్ళి వస్తుంది కాబట్టి 1,650 మైళ్ళు. ఇద్దరు పిల్లలను ఒకేసారి పంపుతున్నవాళ్ళకు, లేదా రెండు కుటుంబాలు కలిసి ఒకే బండిలో వెళ్ళేవాళ్ళకు కారు లెక్క బాగా కలిసివస్తుంది. ఒక్క పిల్ల, ఒక్క వయొలిన్ అయితే విమానమే తేలిక.

వదిలిపెట్టడానికి విమానమే ఎందుకు?

రెండు కారణాలు. మొదటిది పిల్ల వైపు నుంచి. ఆర్కెస్ట్రాలో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో తేల్చే ఆడిషన్లు శిబిరం మొదలైన తొలి రోజుల్లోనే జరుగుతాయి. కారులో వెళ్ళిన ఏడాది మా అమ్మాయి ముందు రోజంతా వెనక సీటులో సెల్లో పెట్టెకు ఆనుకుని ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. దిగేసరికి మెడ తిప్పలేకపోయింది. ఎడమ భుజం పట్టేసిన పిల్లతో మర్నాడు తీగల మీద వేళ్ళు ఎలా నడుస్తాయి?

రెండో కారణం మనవైపు నుంచి, నాకు ఇదే ముఖ్యం. పిల్లను వదిలి వచ్చే ప్రయాణం మామూలు ప్రయాణం కాదు. ముందురోజు సరిగ్గా నిద్ర ఉండదు. పొద్దున్నంతా క్యూలు, ఫారాలు, సామాను మోయడం. చెట్ల మధ్య చెక్క గదిలో మంచం మీద దుప్పటి పరిచి, పిల్లను చివరిసారి దగ్గరికి తీసుకుని బయటికి వచ్చాక, ఆ మనసుతో 800 మైళ్ళు నడపాలి.

ఆ ఏడాది మా వారికి సెలవు దొరక్క ముందే విమానంలో వెనక్కి వెళ్ళిపోయారు. కారు నేను ఒక్కదాన్నే తెచ్చాను. రాత్రి ఒహాయోలో పడుకున్నాను, తొందరేమీ లేదు. అయినా మర్నాడు మధ్యాహ్నం మూడు దాటాక పెన్సిల్వేనియాలో క్లియర్‌ఫీల్డ్ దగ్గర రోడ్డు అంచున చెక్కిన గరుకు గీతల మీద టైర్లు పడి బర్రుమని మోగితే మెలకువ వచ్చింది. కళ్ళు మూతపడ్డ సంగతే నాకు తెలియలేదు. పక్కన గడ్డి, దాని వెనక చెట్లు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి ఒక గ్యాస్ స్టేషన్ పక్కన కారు ఆపాను. చేతుల వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది. గంటన్నర అక్కడే సీటు వెనక్కి వాల్చి పడుకుని, తర్వాత బయల్దేరాను.

అందుకే చెప్తున్నాను. దారిలో ఖాళీ సీటు తప్పనిసరి అయినప్పుడు, అది పిల్లను వదిలి వచ్చేటప్పుడు కాక పిల్లను చూడబోయేటప్పుడు ఉండాలి.

ఒక్క రోజులో నడిపేయవచ్చా? మావారు ఇదివరకు చాలాసార్లు నడిపారు.

మనవాళ్ళలో ఇది గొప్పగా చెప్పుకునే విషయం అయిపోయింది. ఇక్కడి చట్టం లారీ డ్రైవర్ల విషయంలో ఏమంటుందో చూడండి. పది గంటలు విశ్రాంతి తీసుకున్నాక పదకొండు గంటలకు మించి నడపకూడదు, ఎనిమిది గంటలు నడిపాక కనీసం అరగంట ఆగాలి. రోజూ అదే పని చేసేవాళ్ళకే ఆ హద్దు ఉంటే, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని శుక్రవారం రాత్రి ఆఫీసు కాల్ ముగించి స్టీరింగు పట్టుకునే మనకు 13 గంటలు ఎలా సరిపోతాయి?

ఇద్దరు డ్రైవర్లు ఉన్నా రెండు రోజులు పెట్టుకోండి. సగం దారి సుమారుగా ఒహాయో సరిహద్దులో యంగ్స్‌టౌన్ దగ్గర పడుతుంది. వెళ్ళేటప్పుడు ఇంకాస్త ముందుకు, టొలీడో దాకా వెళ్ళి ఆగితే మర్నాటికి దారి తక్కువ మిగులుతుంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బయల్దేరి రాత్రంతా నడపాలన్న ఆలోచన వద్దే వద్దు.

ఒక జాగ్రత్త. జూన్ చివరలో ట్రావర్స్ సిటీ వైపు సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాకా అస్తమించడు. వెలుగు ఉంది కదా అని శరీరం అలసటను లెక్కచెయ్యదు. సరిగ్గా ఆ మసక వెలుతురులోనే జింకలు రోడ్డు మీదికి వస్తాయి. మిషిగన్‌లో కార్లు జింకలను ఢీకొన్న ప్రమాదాలు ఏటా 50,000కు పైగా నమోదవుతాయి. శరత్కాలంలో ఎక్కువే గాని వేసవి మొదట్లో కూడా తక్కువేమీ కాదు. క్లేర్ దాటాక ఉన్న ఆ రెండు వరుసల రోడ్డును పగటిపూటే ముగించేలా చూసుకోండి. ఒక జింక దాటిందంటే వెనక ఇంకొకటి ఉందనే అనుకోవాలి.

విమానంలో అయితే ఎక్కడ దిగాలి?

ట్రావర్స్ సిటీలోని చెర్రీ క్యాపిటల్ విమానాశ్రయం. అక్కడి నుంచి శిబిరం అరగంట లోపు. నెవార్క్ నుంచి ఎక్కువగా షికాగోలోనో డెట్రాయిట్‌లోనో మారాల్సి వస్తుంది. వేసవిలో మాత్రమే తిరిగే నేరు విమానాలు కొన్ని నగరాల నుంచి ఉంటాయి, టికెట్ వెతికేటప్పుడు అవి ముందు చూడండి. గ్రాండ్ ర్యాపిడ్స్‌లో దిగితే రెండున్నర గంటల లోపు కారు ప్రయాణం, డెట్రాయిట్‌లో దిగితే నాలుగు గంటలు. డెట్రాయిట్ టికెట్ చవకగా కనిపిస్తుంది. కానీ విమానమూ ఎక్కి, నాలుగు గంటలు అద్దె కారూ నడిపితే రెండు కష్టాలూ పడ్డట్టే.

పిల్లను ఒంటరిగా పంపవచ్చా?

పదిహేనేళ్ళు నిండితే విమాన సంస్థలు చాలావరకు పెద్దవాళ్ళతో సమానంగానే చూస్తాయి. 5 నుంచి 14 ఏళ్ళ వయసున్న పిల్లలు ఒంటరిగా వెళ్తే పెద్ద సంస్థల్లో అన్‌అకంపనీడ్ మైనర్ అనే సేవ తప్పనిసరి. ఒక వైపుకు సుమారు 150 డాలర్లు అదనం. ఒకటి రెండు సంస్థల్లో వయస్సు హద్దు వేరు. కొన్ని సంస్థలు నేరు విమానం అయితేనే ఒప్పుకుంటాయి. మధ్యలో మారడానికి ఒప్పుకున్నవి కూడా ఆ రోజుకు చివరిదైన కనెక్షన్ మీద పిల్లను ఎక్కించవు. ఇది ఫోనులో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం. మీరు గేటు దాకా వెళ్ళడానికి కౌంటర్లో పాస్ ఇస్తారు. విమానం గాలిలోకి లేచేదాకా అక్కడే ఉండండి. అవతల తీసుకునే మనిషి పేరు, గుర్తింపు కార్డు మీద ఉన్నది ఉన్నట్టుగా రాసి ఇవ్వాలి. శిబిరం వాళ్ళు విమానాశ్రయానికి వచ్చి తీసుకువెళ్ళే ఏర్పాటు గురించి ముందే అడిగి, సమయాలు రాతలో తీసుకోండి.

పదిహేను, పదహారేళ్ళ పిల్లల విషయంలోనే నాకు ఎక్కువ భయం. నిబంధనల ప్రకారం వాళ్ళు పెద్దవాళ్ళు. కానీ షికాగోలో సాయంత్రం ఉరుముల వాన పడి విమానం రద్దయితే, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లకు హోటళ్ళు మామూలుగా గది ఇవ్వవు. వేసవిలో ఆ వానలు మధ్యాహ్నం నుంచే మొదలవుతాయి. కాబట్టి పిల్ల ఒంటరిగా వెళ్తుంటే పొద్దున మొదటి విమానమే కొనండి. నిద్ర చెడితే చెడనివ్వండి. ఉదయం విమానం రద్దయితే ఆ రోజు ఇంకా మూడు దారులు మిగిలి ఉంటాయి. మారాల్సిన ఊళ్ళో చుట్టాలో స్నేహితులో ఉంటే వాళ్ళ నంబరు పిల్ల ఫోనులో ఉంటే సరిపోదు, కాగితం మీద రాసి జేబులో పెట్టండి. మొదటి ఏడాది మాత్రం ఎవరో ఒకరు తోడు వెళ్ళడమే మంచిదని నా అభిప్రాయం.

సెల్లోను విమానంలో ఎలా తీసుకెళ్ళాలి?

సామాను విభాగంలో వెయ్యవద్దు. గట్టి పెట్టె ఉన్నా వద్దు. పక్క సీటు కొనాలి. 2015 నుంచి అమల్లో ఉన్న రవాణా శాఖ నియమం ప్రకారం, పెట్టెతో సహా 165 పౌండ్లు మించని వాద్యానికి సీటు కొంటే, ఆ విమానంలో భద్రంగా కట్టడానికి వీలున్నప్పుడు సంస్థ ఒప్పుకోవాలి. కానీ ఆ టికెట్‌ను వెబ్‌సైట్‌లో మీ అంతట మీరు కొనవద్దు. ఫోన్ చేసి, సెల్లోకు సీటు అని స్పష్టంగా చెప్పి, పిల్ల బుకింగు నంబరు మీదే వేయించండి. మామూలుగా కిటికీ పక్క సీటు ఇస్తారు, దారికి అడ్డు ఉండకూడదు కాబట్టి. బెల్టు చాలకపోవచ్చు. పొడిగింపు బెల్టు కావాలని ఎక్కగానే అడగండి.

మేము వెళ్ళిన ఏడాది రెండో విమానం చిన్నది. గేటు దగ్గర ఒకాయన, ఇంత పెట్టె లోపలికి రాదు, కింద వేస్తామన్నారు. మా దగ్గర సెల్లో పేరు మీద బోర్డింగ్ పాస్, ఆ నియమం ఉన్న పేజీ ప్రింటు ఉన్నాయి. పది నిమిషాలు నెమ్మదిగా మాట్లాడాక ఆయన పై అధికారిని పిలిచారు, ఆమె ఒప్పుకున్నారు. ఆ పది నిమిషాలూ మా అమ్మాయి పెట్టె పట్టీని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆ కాగితం లేకపోతే ఏమయ్యేదో నేను ఊహించలేను. అందుకే టికెట్ కొనేటప్పుడే విమానం రకం అడగండి, కాగితం దగ్గర ఉంచుకోండి, మధ్యలో మారడానికి కనీసం రెండు గంటలు ఉండేలా చూడండి.

బయల్దేరే ముందు విల్లు బిగువు వదలండి. అడుగున ఉండే ముల్లు లోపలికి నెట్టి బిగించండి. తీగలన్నీ ఒకేసారి వదులు చేయకండి, లోపల నిలబెట్టి ఉండే చిన్న చెక్క కడ్డీ పడిపోతే అక్కడ సరిచేసేవాళ్ళ కోసం వెతకాలి.

వయొలిన్ అయితే?

చేతి సామానుగా తీసుకెళ్ళవచ్చు. అదే నియమం ప్రకారం, ఎక్కే సమయానికి పైన అరలో చోటుంటే వాళ్ళు ఒప్పుకోవాలి. చోటు ముందు వచ్చినవాళ్ళదే కాబట్టి ముందుగా ఎక్కే వరుస కొనుక్కోండి. ఆ డబ్బు దండగ కాదు.

కారులో అయితే వాద్యానికి ఏ ఇబ్బందీ ఉండదు కదా?

ఉంటుంది. దెబ్బ తగలదు గాని వేడి తగులుతుంది. ఆపి ఉన్న కారులో ఎండాకాలం అద్దాలు మూసి ఉంటే గంటలోనే లోపలి వేడి బయటికంటే 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పెరుగుతుంది. ఈ వాద్యాలను అతికించేది జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన జిగురు. వేడికి మెత్తబడి అతుకులు విడిపోతాయి. అవసరమైనప్పుడు విప్పి బాగుచేసుకోవడానికే ఆ జిగురు వాడతారు మరి.

మా ఇంట్లో నియమం ఒకటే: మనిషి దిగితే సెల్లో కూడా దిగాలి. ఒహాయో టర్న్‌పైక్ మజిలీల్లో మేము తింటున్నంతసేపూ అది మా బల్ల పక్కన గోడకు ఆనుకుని ఉండేది. మోటెల్ గదిలో రెండు మంచాల మధ్య కార్పెట్ మీద పక్కకు పడుకోబెట్టి, ఏసీ గాలి నేరుగా తగలకుండా దుప్పటి కప్పేవాళ్ళం. డిక్కీలో ఎప్పుడూ పెట్టకండి. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మొదట పోయేది అదే.

జీపీఎస్ కెనడా మీదుగా దారి చూపిస్తోంది. వెళ్ళవచ్చా?

దయచేసి ఈ ప్రశ్న బయల్దేరకముందే అడగండి. బఫలో దగ్గర నది దాటి, ఒంటారియో గుండా వెళ్ళి, పోర్ట్ హ్యూరన్ దగ్గర మళ్ళీ అమెరికాలోకి రావడం ఆ దారి. ఫోను దాన్ని కొన్ని రోజులు మొదటి దారిగా చూపిస్తుంది. మైళ్ళలో పెద్ద తేడా లేదు.

భారత పాస్‌పోర్టు మీద, గ్రీన్ కార్డు లేకుండా ఉన్నవాళ్ళకు కెనడా వీసా తప్పనిసరి. హెచ్-1బీ, హెచ్-4 ఉన్నంత మాత్రాన లోపలికి రానివ్వరు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు రెండూ చూపిస్తే వీసా అక్కర్లేదు. కుటుంబంలో పిల్ల అమెరికా పౌరురాలు, తల్లిదండ్రులు హెచ్-1బీ, తాతగారు సందర్శక వీసా అయితే, ఒకే కారులో మూడు రకాల నిబంధనలు కూర్చున్నట్టు. వంతెన మీదికి ఎక్కాక వెనక్కి తిరగడానికి చోటు కూడా ఉండదు. బయల్దేరే ముందు ఫోనులో దారి చూసుకుని, ఐ-80 దారిని ఎంచుకుని, మధ్యలో అది దారి మార్చినా ఒప్పుకోకండి.

ఏ కాగితాలు దగ్గర ఉండాలి?

దేశంలోపలి విమానాల్లో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు గుర్తింపు కార్డు అడగరు. పెద్దవాళ్ళకు 2025 మే 7 నుంచి రియల్ ఐడీ నియమం, అంటే కేంద్ర ప్రమాణాలకు తగిన లైసెన్సు లేదా గుర్తింపు కార్డు ఉండాలన్న నియమం, అమల్లోకి వచ్చింది. మీ డ్రైవింగ్ లైసెన్సు ఆ రకం కాకపోతే భారత పాస్‌పోర్టు చాలు.

కారులో వెళ్ళినా కాగితాలు ఇంట్లో పెట్టి రాకండి. పద్దెనిమిది నిండిన, పౌరసత్వం లేని వాళ్ళు తమ నమోదు పత్రం దగ్గర ఉంచుకోవాలని చట్టం. గ్రీన్ కార్డు అయితే కార్డు, వీసా మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి నమోదు) ప్రింటు. ఒహాయో ఉత్తర భాగం, మిషిగన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ప్రాంతాలు. మాకు ఎప్పుడూ ఎవరూ ఆపి అడగలేదు. అయినా ఒక కవరులో పెట్టి కారు ముందు అరలో ఉంచుకుంటాం.

మా అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. వాళ్ళనూ కారులో తీసుకెళ్ళాలని ఉంది.

మా అత్తగారు ఒకసారి వచ్చారు. మనవరాలు ఎక్కడ ఉంటుందో చూస్తే గాని మనసు కుదుటపడదన్నారు. తీసుకెళ్ళినందుకు ఇప్పటికీ సంతోషమే. కానీ రెండు రోజుల ప్రయాణాన్ని మూడు రోజులు చేసుకున్నాం. గంటన్నరకు ఒకసారి ఆపి, నాలుగు అడుగులు నడిపించి, కాళ్ళ వాపు చూసుకునేవాళ్ళం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను వెనక సీటులో సెల్లో పక్కన ఇరికించవద్దు. ముందు సీటు వాళ్ళదే. మందులు సూట్‌కేసులో కాక చేతి సంచిలో ఉండాలి. ప్రయాణ బీమా కాగితం ఫోటో మీ ఫోనులో కూడా ఉంచుకోండి.

దారిలో తిండి?

మొదటి రోజుకు పులిహోర, చపాతీలు. రెండో రోజుకు ఐస్‌పెట్టెలో పెరుగన్నం. పెన్సిల్వేనియాలో ఐ-80 మీద మన వంట దొరుకుతుందని ఆశపెట్టుకోకండి. గ్యాస్ విషయం ఒకటి: న్యూజెర్సీలో మన గ్యాస్ మనం పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి కొందరికి ఆ అలవాటే ఉండదు. రాష్ట్రం దాటాక మీరే పట్టుకోవాలి.

సామాను ఎంత ఉంటుంది?

దుప్పట్లు, చలి బట్టలు, సంగీతం స్టాండు, స్వరాల పుస్తకాలు. రాత్రులు అక్కడ జూన్‌లో కూడా చల్లగా ఉంటాయి. శిబిరం యూనిఫారం నీలం రంగు. విమానంలో ఒక్కో పెట్టె 50 పౌండ్లు దాటకూడదు. మేము పరుపు దుప్పట్లు, వాన బూట్లు ఒక పెట్టెలో కట్టి వారం ముందే పార్సిల్లో పంపాం. శిబిరం ఎప్పటి నుంచి పార్సిళ్ళు తీసుకుంటుందో కనుక్కోండి. తిరిగి వచ్చేటప్పుడు సామాను పెరుగుతుంది, తడి బట్టలు ఉంటాయి, పిల్లలు దేన్నీ మడతపెట్టరు. కారు అప్పుడే అక్కరకు వస్తుంది.

అక్కడ బస?

ట్రావర్స్ సిటీ వేసవి ఊరు. జూలై మొదటి వారంలో జాతీయ చెర్రీ ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో గది దొరకడమే కష్టం, దొరికినా ధర మండిపోతుంది. మీ తేదీలు దానికి దగ్గరగా ఉంటే ప్రవేశం ఖాయమైన రోజే గది పట్టుకోండి. లేదా గంట లోపు దూరంలో ఉన్న క్యాడిలాక్‌లో ఉండండి.

టికెట్ ఎప్పుడు కొనాలి? రద్దయితే డబ్బు వస్తుందా?

శిబిరం తేదీలు రాతలో వచ్చిన రోజే. ప్రయాణానికి ఏడు రోజులకు మించి గడువుండగా విమాన సంస్థ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుని మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఆ ఒక్క రోజులో సెలవు సంగతి, తోడు సంగతి తేల్చుకోండి. వాళ్ళే విమానం రద్దు చేసినా, దేశంలోపలి ప్రయాణం మూడు గంటలకు మించి ఆలస్యమైనా, మీరు ఆ ప్రయాణం వద్దనుకుంటే డబ్బు తిరిగి ఇవ్వాలి. కూపన్లు ఇస్తామంటే తీసుకోవాల్సిన అవసరం లేదు.

తీసుకురావడానికి కూడా విమానమే అయితే ఏం పోతుంది?

డబ్బు పరంగా, అలసట పరంగా ఏమీ పోకపోవచ్చు. సెలవు దొరకనివాళ్ళు అలాగే చెయ్యండి, పిల్ల క్షేమంగా వస్తుంది. మేము రెండో ఏడాది అలాగే చేశాం. చివరి కచేరీ అయిన మర్నాడు తెల్లవారుజామున విమానం ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోయి, నెవార్క్‌లో దిగింది. ఎలా జరిగిందమ్మా అంటే, బాగుంది అంది. ఆ సాయంత్రానికి స్నేహితురాళ్ళతో ఫోనులో ఉంది.

మూడో ఏడాది మా వారూ నేనూ కారులో వెళ్ళాం. టొలీడోలో రాత్రి నిద్రపోయి, మర్నాడు మధ్యాహ్నానికి చేరి, సాయంత్రం కచేరీ విన్నాం. తిరుగు ప్రయాణంలో క్యాడిలాక్ నుంచి బే సిటీ దాకా ఒక్క మాట లేదు, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఫ్లింట్ దాటాక లేచి నీళ్ళు తాగింది. తన గదిలో ఉన్న అమ్మాయి ఏ రాష్ట్రం నుంచి వచ్చిందో చెప్పింది. కండక్టరు ఒక చోట నాలుగు స్వరాలను ఇరవై సార్లు వాయించమన్న సంగతి చెప్పింది. రెండో వారంలో ఇంటికి వచ్చేయాలనిపించి సరస్సు ఒడ్డున కూర్చుని ఏడ్చిందట, ఆ మాట ఉత్తరాల్లో ఎక్కడా రాయలేదు. టొలీడో దగ్గర చీకటి పడింది. నేను వెనక్కి తిరిగి చూస్తే, కిటికీ లోంచి బయటికి చూస్తూ ఎడమ చేతి వేళ్ళతో మోకాలి మీద ఆ నాలుగు స్వరాలూ నొక్కుతూ ఉంది.